దుబాసీ నొక్కని బటన్

పేరు, తండ్రి పేరు, చిరునామా గుమాస్తా గారు పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. పెళ్ళి చేసుకోలేదు. విదేశాంగ శాఖలో దుబాసీగా పనిచేస్తున్నాను. పనిచేస్తున్నాను అనే రాయండి. సస్పెండ్ చేశారు గానీ ఇంకా తీసెయ్యలేదు. ఈ కేసులో ముద్దాయిని నేనే.

నేను మాట్లాడి తీరాలని ఏమీ లేదని, మాట్లాడితే అది నా మీదే వాడవచ్చని మేజిస్ట్రేటు గారు ముందే చెప్పారు. అర్థమైందా అని మళ్ళీ అడిగారు. అర్థమైంది. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేలా చెప్పడమే నా బతుకు. ఈ గదిలో పోలీసులు లేరు. తలుపు మూసి ఉంది. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. ఆశ పెట్టారు. అది ఎవరో, ఏమిటో తర్వాత చెబుతాను. వరసగా చెప్పమన్నారు కాబట్టి వరసగానే వస్తాను.

దుబాసీ పని గురించి ముందు చెప్పాలి. మేము "ఆయన ఇలా అంటున్నారు" అని చెప్పం. "నేను" అనే అంటాం. మంత్రి "నాకు సంతోషంగా ఉంది" అంటే నేనూ వాళ్ళ భాషలో "నాకు సంతోషంగా ఉంది" అంటాను, నాకు జ్వరం ఉన్నా సరే. ఒక ముక్క కలపకూడదు, ఒక ముక్క తియ్యకూడదు. మా విభాగం అధికారిని మేమంతా పెద్దమేడం అంటాం. కొత్తవాళ్ళకు ఆవిడ ఒకటే చెబుతుంది: "గదిలో మీరున్నట్టు ఎవరికీ గుర్తు రాకూడదు. గుర్తొచ్చిందంటే మీరేదో తప్పు చేశారని లెక్క." నేను ఇన్నేళ్ళలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంట్లో సంగతి. అమ్మ పోయేసరికి నాకు ఇరవై, తమ్ముడికి తొమ్మిది. నాన్న అంతకు ముందే లేడు. తమ్ముణ్ణి ఇంట్లో చిన్నోడు అనేవాళ్ళం. వాణ్ణి నేనే పెంచాను. పగలు ఒక దుకాణంలో పనిచేస్తూ సాయంత్రం కాలేజీలో పరాయి భాష నేర్చుకున్నాను. వంట చేస్తూ పాఠాలు పైకి వల్లించేదాన్ని. వాడు గడప మీద కూర్చుని వినేవాడు. నాకు ఆ భాషలో క్రియలు రావడానికి ఏడాది పట్టింది. వాడికి తిట్లు రావడానికి వారం పట్టింది. బళ్ళో పిల్లల్ని ఆ తిట్లే తిట్టేవాడు. ఎవరికీ అర్థమయ్యేది కాదు కాబట్టి దెబ్బలు తప్పించుకునేవాడు.

వాడు సైన్యంలో చేరాడు. ఫిరంగి దళం. పెళ్ళి చేశాను. మరదలు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. వాళ్ళకొక పాప. ముగ్గురూ మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవారు. ఇప్పుడు ఇద్దరు ఉంటున్నారు.

మొదటి సమావేశం ప్రభుత్వ అతిథి గృహంలో, మేడ మీద గదిలో జరిగింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక. ఒక పక్క రక్షణ మంత్రిగారు, ఇంకో పక్క ఆ దేశపు రాయబారి. రాయబారి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. మా ఆఫీసులో ఆయన్ని నవ్వులాయన అంటారు. మంత్రిగారు తన కార్యదర్శిని బయటికి పంపారు. నీళ్ళు తెచ్చిన మనిషిని కూడా పంపారు. నన్ను పంపలేదు. ఆయనకు వాళ్ళ భాష రాదు, రాయబారికి మన భాష రాదు. నేను లేకపోతే ఇద్దరూ గోడలు చూసుకుంటూ కూర్చోవాలి.

మంత్రిగారు అన్నారు: "మా వాడు కుర్రాడు. పొరపాటు జరిగిపోయింది. మంత్రిగా కాదు, తండ్రిగా అడుగుతున్నాను."

నేను ఆ మాట వాళ్ళ భాషలో చెప్పాను. మా వాడు కుర్రాడు అని నా నోటితోనే అన్నాను.

సంగతి ఏమిటంటే, మంత్రిగారి కొడుకు ఆ దేశంలో చదువుకుంటున్నాడు. తాగి కారు నడిపి, రోడ్డు దాటుతున్న ఒక అమ్మాయిని గుద్దేశాడు. ఆగకుండా వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి అక్కడికక్కడే చనిపోయింది. వాణ్ణి అక్కడి పోలీసులు పట్టుకుని లోపల పెట్టారు. మన పత్రికల్లో ఒక్క ముక్క రాలేదు.

రాయబారి అన్నాడు: "ఆ అమ్మాయి రొట్టెల దుకాణంలో పనిచేసేది. తల్లి తప్ప ఎవరూ లేరు. చాలా బాధాకరం. మా కోర్టులు స్వతంత్రమైనవి, మీకు తెలియనిది కాదు. అయితే కోర్టు దాకా దారి దూరం. దారిలో ఒక్కోసారి కాగితాలు అలిసిపోతుంటాయి." అలిసిపోవడం అన్న మాటే వాడాడు. నేనూ అదే చెప్పాను. మంత్రిగారికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

రాయబారి మళ్ళీ అన్నాడు: "మాకూ రెండు చిన్న చింతలున్నాయి. మా సైన్యం సరిహద్దు దాటిందని దేశాల సభలో మమ్మల్ని నలుగురిలో నిలబెట్టి తిట్టాలని చూస్తున్నారు. తీర్మానం వస్తోంది. మీ ఓటు ఎటు పడుతుందో మాకు తెలియదు. ఇంకొకటి, మా ఫిరంగి. మీ పరీక్షల బృందం దాన్ని చిన్నచూపు చూస్తోందని విన్నాం."

మంత్రిగారు కుర్చీకి తొడిగిన తెల్లగుడ్డను గోటితో గీరుతూ కూర్చున్నారు. తర్వాత అన్నారు: "ఓటు సంగతి విదేశాంగ మంత్రితో నేను మాట్లాడతాను. నా మాట కాదనడు. ఫిరంగి నా చేతిలో పనే. పరీక్షల వాళ్ళు ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు, వాళ్ళకి వేరే పనేముంది. అబ్బాయి వాళ్ళమ్మ తిండి మానేసిందండీ. మా వాడు ఎప్పటికి ఇంటికొస్తాడు?"

"ఓటు పడిన వారంలో," అన్నాడు రాయబారి.

ఇద్దరూ చేతులు కలిపారు. డబ్బు మాట ఎక్కడా రాలేదు. పోలీసు అధికారి నన్ను పదేపదే అడిగింది అదే, మంత్రిగారు ఎంత తీసుకున్నారు, ఎవరి ఖాతాలో వేశారు అని. ఏమీ తీసుకోలేదు. కొడుకును తీసుకున్నారు. అందుకే ఎవరికీ ఏ ఖాతాలోనూ ఏమీ దొరకదు.

రాయబారి వెళ్ళాక మంత్రిగారు నా వైపు చూసి అన్నారు: "అమ్మాయ్, నువ్వేమీ వినలేదు కదా?"

"నేను వినను సార్. మాట్లాడతానంతే."

ఆయన పగలబడి నవ్వారు. కార్యదర్శిని పిలిచి, "ఈ అమ్మాయి బాగుందయ్యా. ఇకమీదట ఆ దేశం వాళ్ళొస్తే ఈమెనే పిలవండి," అన్నారు. అప్పటి నుంచి వాళ్ళిద్దరి మధ్య ప్రతి మాటా నా నోటి మీదుగానే నడిచింది.

ఆ తర్వాత అన్నీ అనుకున్నట్టే అయ్యాయి. సభలో మన ఓటు వాళ్ళకు పడింది. మంత్రిగారి కొడుకు ఇంటికి వచ్చాడు. ఆరోగ్యం బాగాలేక చదువు ఆపి వచ్చాడని చెప్పారు. పరీక్షల బృందం పెద్దకు ఎక్కడో దూరంగా పెద్ద పదవి ఇచ్చి పంపారు. ఫిరంగులు ఓడ దిగాయి.

ఒక ఆదివారం చిన్నోడు మా ఇంటికి వచ్చాడు. పాప నా ఒళ్ళో ఉంది. వాడు చెప్పాడు: "అక్కా, ఆ మధ్య కొత్త ఫిరంగి పరీక్షకి మా జట్టునే పంపారు. నీకు చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. వద్దని మేం రాసిచ్చిన గొట్టమే, అదే వచ్చింది చూడు. చుట్టం వద్దంటే మంచంతో సహా దిగినట్టు దిగింది."

మేడ మీద విన్నది వాడికి చెప్పలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు విన్నది బయట పెట్టనని ప్రమాణం చేశాను. దాన్ని పాటించాను. తమ్ముడి దగ్గర ఎందుకు దాచావని నన్ను నిలదియ్యాలనుకునేవాళ్ళు ఉంటే ఉండనివ్వండి. కానీ నాకంటే ముందు నిలదియ్యవలసినవాళ్ళు ఇద్దరున్నారు, మంత్రిగారు, నవ్వులాయన. వాళ్ళయ్యాక నా వంతుకు వస్తాను.

కొన్నాళ్ళకు వాడు ఫిరంగులు పేల్చే రేంజ్ నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, దీని మీద ఇత్తడి పలక ఒకటుంది. మనవాళ్ళు దాని మీద రంగు కొట్టేశారు. నేను గీకాను. చదువుతా, విను." వాడి ఉచ్చారణ చిన్నప్పటిలాగే ఘోరం. ఒక్కో అక్షరం చదువుతుంటే నేను కూడబలుక్కున్నాను. గొట్టం వేడెక్కితే కాల్పులు ఆపాలి, పగులు కనిపిస్తే దగ్గర నిలబడకూడదు అని ఉంది.

వాడు నవ్వాడు. "దగ్గర నిలబడకుండా దాన్నెలా పేలుస్తారక్కా? ఇంటి నుంచి ఉత్తరం రాయాలా?"

"మీ అధికారికి చెప్పరా."

"చెప్పా. పైనుంచొచ్చిన సరుకు, నోరు మూసుకుని పేల్చు అన్నాడు."

"ఒరే, నువ్వు వెనక నిలబడు."

"వెనక నిలబడేవాడు వేరే ఉంటాడక్కా. నా చోటు నాదే."

అదే వాడితో నేను మాట్లాడిన ఆఖరి మాట. వెనక నిలబడు అన్నాను.

ఆ మర్నాడు పొద్దున వాడు పోయాడు. మంత్రిగారు కొత్త ఫిరంగులను చూడటానికి వస్తున్నారట. ఆయన ముందు గబగబా పేల్చి చూపించాలని సాధన చేయిస్తున్నారు. గొట్టం చల్లారనివ్వలేదు. చీలిపోయింది. చిన్నోడు, వాడి పక్కన గుండు అందించే ఇంకొకతను పోయారు. మూడో అతనికి రెండు చెవులూ పోయాయి. ఇవన్నీ ఆ మూడో అతని భార్య మా మరదలికి చెప్పింది. సైన్యం చెప్పలేదు.

ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసు క్యాంటీన్‌లో చెయ్యి కడుక్కుంటున్నాను. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని విన్నాను. రెండో చెయ్యి కుళాయి కిందే ఉంది. ఎవరో వచ్చి కుళాయి కట్టేశారు. నీళ్ళు వృథా అవుతున్నాయి అన్నారు.

పెట్టె తెచ్చారు. మూత తియ్యొద్దన్నారు. మరదలు అడిగింది: "నేను నర్సునండీ. నేను చూడగలను. ఒక్కసారి తియ్యండి."

"వద్దమ్మా," అన్నాడు పెట్టె వెంట వచ్చిన అధికారి. వద్దమ్మా, వద్దమ్మా అని చాలాసేపు అంటూనే ఉన్నాడు.

పెట్టె ఎత్తేటప్పుడు నేను కూడా ఒక చెయ్యి వేశాను. చిన్నోడు ఒళ్ళున్న మనిషి. పెట్టె తేలిగ్గా ఉంది.

మంత్రిగారు వచ్చి పూలచక్రం పెట్టారు. కెమెరాల ముందు నా చెయ్యి పట్టుకుని, "మీరు ధైర్యంగా ఉండాలమ్మా. దేశం మీ వెంట ఉంది," అన్నారు. "మీరు" అన్నారు, ఎప్పటిలా "నువ్వు" అనలేదు. రెండేళ్ళుగా ఆయన చెవిలో మాట్లాడుతున్నదాన్ని. ఎడమ చెవి వెనక చిన్న పులిపిరి ఉంటుంది, అది కూడా నాకు తెలుసు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను గుర్తు చెయ్యలేదు. అప్పుడే చేసి ఉంటే ఆయన జాగ్రత్తపడేవారు.

సెలవు తీసుకోమని పెద్దమేడం చెప్పింది. తీసుకోలేదు. పనిలోకి వచ్చిన వారంలోనే ఫిరంగి చేసిన కంపెనీ వాళ్ళు ప్రమాదం మీద రాసిన నివేదిక అనువాదానికి వచ్చింది. చనిపోయినవాళ్ళలో నా తమ్ముడున్నాడని అది పంపినవాళ్ళకు తెలియదు. నా ముందున్న బల్ల మీద పెట్టి వెళ్ళారు. అందులో ఫిరంగిలో ఏ దోషమూ లేదని ఉంది. గుండు నింపిన సిబ్బందిదే తప్పు అని ఉంది. తప్పు అన్నచోట వాళ్ళు వాడిన మాటకు వాళ్ళ భాషలో రెండర్థాలున్నాయి. అజాగ్రత్త అనవచ్చు, తెలివితక్కువతనం అనవచ్చు. ఆ రెంటిలో చిన్నోడికి ఏది నయమో నేను ఎంచాలి. అజాగ్రత్త అని రాశాను. చక్కగా టైపు చేసి, కామాలు సరిచూసి, పైకి పంపాను.

మన సైన్యం ఆ మాటే పట్టుకుంది. దళం గోడ మీద పోయినవాళ్ళ పేర్లు రాతిలో చెక్కుతారు. చిన్నోడి పేరు చెక్కలేదు. అజాగ్రత్తతో పోయినవాళ్ళకు చెక్కరట. బళ్ళో ఎవరో పిల్ల మా మేనకోడలితో "మీ నాన్న ఫిరంగి పాడుచేశాడటగా" అందట. పాప ఇంటికొచ్చి మరదల్ని అడిగింది: "అమ్మా, నాన్న దాన్ని బాగుచెయ్యడం మర్చిపోయాడా?"

ఆ రోజే నిర్ణయించుకున్నాను.

పత్రికలకు ఎందుకు చెప్పలేదని అడిగారు. చెబితే ఎవరు నమ్ముతారు? ఆ గదిలో ముగ్గురం. ఇద్దరు లేదంటారు, ఒకతి అవునంటుంది. తమ్ముడు పోయి మతి తప్పిందంటారు. నా నోటితో చెబితే లాభం లేదు. వాళ్ళ నోళ్ళతోనే చెప్పించాలి. అది నాకు చేతనైన పనే.

కాచుకున్నాను. ఏ పిలుపూ వదులుకోలేదు. మంత్రిగారు జోకులేస్తే వాళ్ళ భాషలో ఇంకా బాగా పేలేలా చెప్పాను. రాయబారి నవ్వేవాడు, మంత్రిగారు మురిసిపోయేవారు. అంత బాగా నేనెప్పుడూ పని చెయ్యలేదు. "నీ గుండె గట్టిదే," అంది పెద్దమేడం. ఆవిడ మెచ్చుకోలుగానే అంది. ఈ కేసుతో ఆవిడకు సంబంధం లేదని కూడా రాయండి.

రెండో విడత ఫిరంగుల మీద సంతకాల కార్యక్రమం ఖాయమైంది. అవే ఫిరంగులు. మళ్ళీ అవే.

కార్యక్రమం విదేశాంగ శాఖ కింది హాల్లో జరిగింది, పొద్దున్నే. పొడుగాటి బల్ల, రెండు జెండాలు, రెండు కలాలు. విలేకరులు పక్క హాల్లో, అద్దం తలుపుల అవతల, చెవుల్లో యంత్రాలు పెట్టుకుని కూర్చున్నారు. బల్ల దగ్గర మాట్లాడేది మా గదిలో మోగదు, వాళ్ళకే వినబడుతుంది, టీవీలో నేరుగా పోతుంది. బల్ల మీద మైకు నా ముందుంటుంది. దానికొక బటన్. పెద్దవాళ్ళు సొంత మాటలు మాట్లాడుకునేటప్పుడు ఆ బటన్ నొక్కి మైకు ఆపడం దుబాసీ పని. మైకు పనిచేస్తున్నంతసేపూ దాని మీద ఎర్రదీపం వెలుగుతుంది.

రాయబారి ముందే వచ్చాడు. లిఫ్ట్ దగ్గర నన్ను పలకరించి, "మీ మంత్రిగారెలా ఉన్నారు?" అన్నాడు.

"సంతోషంగా ఉన్నారు. అబ్బాయి పెళ్ళి కుదిరింది," అన్నాను. అది పత్రికల్లో వచ్చిన వార్తే.

"అలాగా! అయితే అభినందించాలి," అన్నాడు నవ్వులాయన.

ఎర వేశావా అని పోలీసు అధికారి అడిగారు. వేశాను.

సంతకాలయ్యాయి. దస్తావేజులు మార్చుకునే ముందు అట్టలు కనబడక గుమాస్తాలు వెతుకుతున్నారు. ఇలాంటి సందుల్లోనే పెద్దవాళ్ళు పిచ్చాపాటీలోకి దిగుతారు. నేను నీళ్ళ గ్లాసును కొంచెం జరిపాను. ఎర్రదీపం దాని వెనక్కి వెళ్ళింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.

రాయబారి మంత్రిగారి వైపు వంగి అన్నాడు: "అబ్బాయి పెళ్ళట, సంతోషం. ఆ రోజు మేడ మీద మీకిచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు నాకూ తృప్తిగా ఉంది. పోయిన అమ్మాయి తల్లి ఇప్పటికీ కోర్టు గుమ్మం దగ్గరికి వస్తూనే ఉంది. మావాళ్ళు పంపించేస్తున్నారు. మీరు బెంగ పెట్టుకోకండి."

నేను చెప్పాను. ఆయన చెవిలో గుసగుసగా చెప్పవలసింది, మామూలు గొంతుతో చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు.

మంత్రిగారు నవ్వారు. "మావాడు ఆయన రుణం జన్మలో మర్చిపోడని చెప్పమ్మా. మేమూ మాట తప్పలేదుగా. ఓటేశాం, గొట్టాలు కొన్నాం. ఈసారి పరీక్షల తలనొప్పి కూడా లేదు, ఆ బృందాన్నే తీసేశాను."

అది ఆయన గొంతుతోనే వెళ్ళింది. నేను వాళ్ళ భాషలో చెప్పాను, వాళ్ళ దేశపు విలేకరులు కూడా వినాలి కదా.

రాయబారి అన్నాడు: "ఆ మధ్య ఏదో ప్రమాదం అన్నారు, పత్రికలు గోల చేశాయి?"

ఈ ప్రశ్న నేను అనుకోలేదు. ఇది నా ఎర కాదు. నేను చెప్పాను.

మంత్రిగారు చెయ్యి విదిల్చారు. "ఇద్దరు పోయారు. వాళ్ళ మీదే తోసేశాంలే. పోయినవాళ్ళు వచ్చి కాదంటారా?"

అది కూడా నేను వాళ్ళ భాషలో చెప్పాను. వాళ్ళ మీదే తోసేశాంలే. పోయినవాళ్ళు వచ్చి కాదంటారా. ఈ రెండు వాక్యాలు నా నోటితో చెప్పాను. దుబాసీ 'నేను' అనే చెబుతుంది.

అద్దం తలుపుల అవతల ఒక విలేకరి లేచి నిలబడ్డాడు. తర్వాత అందరూ లేచారు. మంత్రిగారి కార్యదర్శి మొదట నడుస్తూ, తర్వాత పరిగెత్తుతూ వచ్చి మైకు తీగ పీకేశాడు. నీళ్ళ గ్లాసు దొర్లింది. రాయబారి ముఖం మీద నవ్వు అలాగే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

"ఏం చేశావే?" అన్నారు మంత్రిగారు.

"మీ మాటే చెప్పాను సార్. మీరు తప్పు తోసేసిన ఇద్దరిలో ఒకడు నా తమ్ముడు."

"ఎవడు?"

నేను తమ్ముడి పేరు, దళం, రేంజ్ అన్నీ చెప్పాను. ఆయన కార్యదర్శి వైపు తిరిగి, "ఎవడయ్యా?" అన్నారు. గుర్తు రాలేదు. పూలచక్రం పెట్టిన మనిషికి గుర్తు రాలేదు. నాకు ఆయన మీద అప్పటిదాకా ఉన్న కోపం ఒక ఎత్తు, ఆ నిమిషంలో వచ్చింది ఒక ఎత్తు. ఇప్పుడైతే వాడి పేరు ఆయనకు బాగా తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

నన్ను అక్కడే అదుపులోకి తీసుకున్నారు. రాజ్యరహస్యం బయటపెట్టానని కేసు.

ఆశ పెట్టిన సంగతి ఇప్పుడు చెబుతాను. అరెస్టయిన వారంలో మంత్రిగారి వకీలు నన్ను చూడటానికి వచ్చారు. మర్యాదస్తుడు. నాకు కూడా టీ తెప్పించారు. కాగితం ఒకటి ముందు పెట్టారు. తమ్ముడు పోయిన మనోవ్యథలో భాష తప్పు చెప్పాను, పెద్దల మాటల్ని వేరుగా అర్థం చేసుకున్నాను అని ఉంది.

"మంత్రిగారి మాటలు ఆయన గొంతుతోనే టీవీలో వచ్చాయి కదండీ," అన్నాను.

"అవి ఆయన మీ అనువాదానికి ఇచ్చిన జవాబులమ్మా. మీరు తప్పు చెప్పారు కాబట్టి ఆయన తికమకపడ్డారు. ఆ సంగతి మేం చూసుకుంటాం. మీరు సంతకం పెడితే కేసుండదు. నివేదిక మారుతుంది. మీ తమ్ముడి పేరు గోడ మీద చెక్కిస్తారు."

"చెక్కడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

"మీరు సంతకం పెట్టిన మర్నాడే."

"మరి ఇన్నాళ్ళూ రాయి దొరకలేదా?"

ఆయన టీ తాగలేదు. కాగితం అక్కడే వదిలి, ఆలోచించుకోమని వెళ్ళారు.

మరదలు వచ్చింది. ఆమె దగ్గరికి వాళ్ళు ముందే వెళ్ళారట. నాకు ఉతికిన బట్టలు తెచ్చింది. నర్సు కదా, అంచులు కలిపి మడతపెట్టింది. సంతకం పెట్టెయ్యమంటుందేమో అని నాకు భయంగా ఉంది. ఒప్పుకో అన్నా నేను తప్పుపట్టలేను. పేరు ఆమె భర్తది, ఆమె కూతురి నాన్నది.

"వదినా, ఆయన పేరు ఆ గోడ మీద చూడాలని నాకుంది," అంది. "పాపకి చూపించాలనుంది. కానీ వాళ్ళ చేత్తో చెక్కితే నేను చూడలేను. వెళ్ళి గోకేస్తాను."

"జైలుకి పోతానేమో. పాపకి నేను కూడా ఉండను."

"నేనున్నాగా." బట్టల మడత సర్దుతూ మళ్ళీ అంది: "వదినా, ఆ మంత్రి ముఖం టీవీలో చూశాను. తీగ పీకినప్పుడు. మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ పూట కడుపునిండా తిన్నాను. ఆయన పోయాక అదే మొదలు."

అప్పుడు మేమిద్దరం నవ్వుకున్నాం. కాపలా ఆవిడ వింతగా చూసింది.

నేను ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు.

నా తరఫు వకీలుగారు యువకుడు, మంచివాడు. మనస్సాక్షి ఊరుకోక దేశం కోసం చేశానని చెప్పమన్నారు. అలా చెబితే కోర్టు మెత్తబడుతుందట, జనం నెత్తిన పెట్టుకుంటారట. ఆయనకు దండం పెట్టి వద్దన్నాను. దేశం కోసం చెయ్యాలనుకుంటే ఆ మేడ మీద గదిలోనే చేసి ఉండేదాన్ని. దేశం అప్పుడూ ఇదే. అప్పుడు నా పని నేను చేసుకుని ఇంటికొచ్చి వంట చేసుకున్నాను. వాళ్ళు చిన్నోణ్ణి చంపారు, చంపి తప్పు వాడి మీద వేశారు, ఆ మాట నా చేత రాయించారు. అందుకు చేశాను. పగ తీర్చుకోవడానికి చేశాను. మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చోబెడితే మళ్ళీ చేస్తాను.

మంత్రిగారు ఆరోగ్య కారణాల మీద రాజీనామా చేశారని విన్నాను. నవ్వులాయన్ని వాళ్ళ దేశం వెనక్కి పిలిపించింది. రెండో విడత ఆగింది. ఉన్న ఫిరంగుల్ని పేల్చొద్దని ఉత్తర్వు వచ్చిందట. ఇప్పుడు వాటి దగ్గర ఎవరూ నిలబడటం లేదు. ఆ దేశంలో రొట్టెల దుకాణం అమ్మాయి కేసు మళ్ళీ తెరిచారు. ఆమె తల్లి ఫోటో పత్రికలో చూశాను. కోర్టు మెట్ల మీద నిలబడి ఉంది. నల్లకోటు, నాలాగే వాచిన కళ్ళు. ఆమెతో మాట్లాడాలంటే నాకు దుబాసీ అక్కర్లేదు. గోడ మీద పేరు ఇంకా చెక్కలేదు.

నేను చెప్పిందంతా గుమాస్తా గారు రాసి నాకు చదివి వినిపించారు. ఒకచోట "తమ్ముడు పోయిన దుఃఖంలో చేశాను" అని రాశారు. నేను అలా అనలేదు. కొట్టేసి "పగతో చేశాను" అని రాయమన్నాను.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి అడిగారు: "ఈ ఒక్క మాటకు శిక్ష పెరగవచ్చు. తెలుసా అమ్మా?"

"తెలుసండి."

"మరి దుఃఖం అని ఉంచితే ఏం?"

"దుఃఖం అంటే వాళ్ళు నన్ను క్షమించేస్తారు. వాళ్ళ క్షమ నాకక్కర్లేదండి."

కొట్టేశారు. నేను చెప్పిన మాట రాశారు. దిద్దినచోట నా పొడి సంతకం ఉంది.

ఇందులో ఉన్నదంతా నేను చూసింది, విన్నది, నా నోటితో చెప్పింది. ఎవరి బలవంతమూ లేదు. చదివి వినిపించగా సరిగా ఉందని ఒప్పుకుని, నా చేత్తో పూర్తి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
ముద్దాయి, దుబాసీ, విదేశాంగ శాఖ

నా ఎదుట చెప్పినది, నా ఎదుట సంతకం చేసినది.
(సంతకం)
మేజిస్ట్రేటు